దూదిలో చెమ్మ

పటమట,
ఆదివారం పొద్దున.

ఏవండీ, మీకు నా సలాములు.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా ఏమీ అనుకోకండి. ఇక్కడ అత్తమ్మ, మామయ్య, నేను అల్లా దయ వల్ల బాగున్నాము. మస్కట్‌లో మీరూ వేళకు తింటూ బాగున్నారని తలుస్తాను.

తారిక్ అన్న తెచ్చిన మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎల్లుండి ఆయన తిరిగి మస్కట్ వస్తున్నారు, ఇది ఆయన చేతికే ఇస్తాను. ఫోన్లో అయితే అత్తమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. "ఊఁ", "సరే", తూకం లెక్క తప్ప నాకు మాట రాదు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. అత్తమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. పరుపుల కొట్టుకు రేకులు మార్పించారు, ఈ వానలకు దూది తడవలేదు. మన పరుపు విప్పి దూది మళ్లీ ఏకిస్తానని మామయ్య అంటే వద్దన్నాను. మీరు పడుకునే చోట పల్లం అలాగే ఉంది. అది పోతుందని చెప్పడానికి సిగ్గేసి, ఇంకా మెత్తగానే ఉందన్నాను.

నేను అరవై ఎనిమిది కిలోలకు వస్తే పిల్లల కోసం మందులు మొదలుపెడతానని, అప్పుడు మీరు ఇక్కడ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది కదా. "ఇంకొక్క కిలోనే, డిసెంబరు దాకా ఎందుకు, ఆగస్టులోనే సెలవు అడుగుతాను" అని మీరు రాశారు. అడిగే ముందు ఇది చదవండి.

మొదటి వారం డెబ్బై నాలుగు నుంచి డెబ్బై రెండుకు దిగాను. ఆ రోజు ఫోన్లో మీరు నవ్విన నవ్వు పెళ్లయ్యాక ఎన్నడూ వినలేదు. రెండో వారం మళ్లీ డెబ్బై మూడున్నర. మీరు అడిగితే డెబ్బై ఒకటి అన్నాను. ఆ నవ్వు ఇంకోసారి వినాలనిపించింది. తర్వాత ప్రతి వారం ఒక్కో అబద్ధం. తూకం దించాలని రెండు రోజులు అన్నం మానేస్తే కళ్లు తిరిగాయి.

నిన్న పొద్దున దూది తూచే కాటా ఎక్కి ఏడుస్తుంటే అత్తమ్మ చూసింది.

"ఏందే, నిన్ను నువ్వేగాని అమ్మకానికి పెట్టుకున్నావా?" అంది.

వారంలోనే కిలోన్నర పెరిగానని చెప్పాను. మీతో చెప్పిన అబద్ధాలు మాత్రం చెప్పలేదు.

"వానాకాలం దూది తూకం ఎట్టా ఉంటది?"

"పెరుగుద్ది అత్తమ్మా."

"దూది పెరుగుద్దా?"

"కాదు, చెమ్మ."

"మరి ఒంట్లో చెమ్మ ఉండదటే? కొత్తావకాయ రెండు పూటలా లాగించి బిందెడు నీళ్లు తాగితివి. పరుపులోళ్ల కోడలివి, ఇది కూడా నేనే చెప్పాల్నా!"

సాయంత్రం ఆసుపత్రిలో హన్నా సిస్టర్ కూడా అదే మాట అంది. మొదటి వారం పోయింది చాలావరకు నీరేనట. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందైనా తూకం ఎక్కుతుందట. "కడుపు మాడ్చుకోకమ్మా. వారానికొకసారి, పరగడుపునే చూసుకో. రెండు నెలల లెక్క చూడు, ఒక్క రోజుది కాదు" అంది.

ఈ రోజు పరగడుపున డెబ్బై రెండున్నర. ఆరు వారాలకు నిజంగా తగ్గింది కిలోన్నర. హన్నా సిస్టర్ ఇది మంచి తగ్గుదలే అంది. డిసెంబరుకు అందుకుంటాను. మీకు రెండేళ్లకొకసారి దొరికే నలభై రోజులు నా అబద్ధం వల్ల ముందే అయిపోకూడదు. సెలవు అడగకండి. ఇక ప్రతి ఆదివారం కాటా చూపించిందే చెబుతాను, పెరిగినా సరే. మీరు నవ్వకపోయినా సరే.

రావద్దని రాయడానికి పొద్దున్నుంచి మూడు కాగితాలు చించాను. మీరు రేపే వచ్చి గుమ్మంలో నిలబడితే, వెనక్కి వెళ్లమని మాత్రం నా నోటితో అనలేను.

ఇది చదివాక కాల్చేయండి. అత్తమ్మ చూస్తుందని కాదు. పై మాట మళ్లీ చదివితే మీరు వచ్చేస్తారు.

ఇట్లు,
డిసెంబరు దాకా ఓర్చుకునే మీ ఇంటిది,
నఫీసా