చేయి వణికిన సంగతి

లాలాగూడ

విజయేందర్‌కు,

నువ్వు మూడుసార్లు పిలిచినా నేను అడవికి రాలేదు. ఒకసారి మనవరాలి పరీక్షలన్నాను, ఒకసారి చుట్టాల పెళ్లన్నాను, మొన్నేమో మోకాలి నొప్పన్నాను. అన్నీ అబద్ధాలే. నీ మీద నాకు కోపం లేదు.

నిరుడు కవ్వాల్‌లో వాగు దగ్గర పులి మనకెదురుగా నిలబడితే, నేను తీసిన ఫొటోలన్నీ చెదిరిపోయాయి కదా. చలికి చేయి వణికిందని చెప్పాను. చలి కాదు, అది వణుకు జబ్బు. ఇక తగ్గదని డాక్టరు చెప్పాడు. పదకొండేళ్లు కెమెరాతో నీ పక్కన కూర్చున్నవాణ్ణి, వట్టి చేతులతో రావడానికి సిగ్గుపడ్డాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే డాబా ఎక్కి కూర్చుంటున్నాను. వేపచెట్టు మీద ఉడతలు తప్ప ఏమీ కనిపించవు. ఎండుటాకుల మీద ఏదో నడిచి వస్తున్న ఆ చప్పుడు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న మా ఆవిడ కమలాబాయి పైకొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఫొటో తియ్యకుంటే అడివి నిన్ను రానియ్యనంటదా ఏందీ? జెర విజయేందరన్నకు నిజం చెప్పరాదు" అంది.

అందుకే ఇప్పుడు నిజం చెబుతున్నాను. వంకరపోయిన నా అక్షరాలు నువ్వు చదవలేవు కనుక ఈ ఉత్తరం ఆమె చేతే రాయిస్తున్నాను.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నావని విన్నాను. నన్నూ తీసుకెళ్లు. ఫొటోలు నువ్వు తియ్యి. దుప్పి అరిస్తే పులి ఎటునుంచి వస్తోందో నేను చెబుతాను. జీపులో నా చేతుల వైపు మాత్రం చూడకు. నువ్వూ అడవినే చూడు.

నీ స్నేహితుడు