స్తంభానికి తగిలిన బంతి

ఆదివారం రాత్రి, టార్నీట్

నిన్నటి కోపం ఇంకా చల్లారలేదు.

మా అమ్మాయి హారిక వాళ్ళ యూనివర్సిటీ ఫుటీ టీమ్, అదే ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్ టీమ్, ఆడేది అట్టడుగు డివిజన్‌లో. గోల్ దగ్గర నిలబడే అంపైర్‌ని కూడా లీగ్ పంపదు. చూడ్డానికొచ్చిన వాళ్ళలోనే ఎవరికో ఒకరికి తెల్లకోటు తొడిగి, రెండు జెండాలు చేతికిస్తారు. నిన్న కోచ్ నన్నడిగితే ఏదో పెద్ద పదవి ఇచ్చినట్టు మురిసిపోయాను. ఎవడు ఒప్పుకోమన్నాడు నన్ను?

చివరి నిమిషంలో మేం మూడు పాయింట్లు వెనకున్నాం. హారికే తన్నింది. బంతి పోతూ పోతూ గోల్ స్తంభాన్ని రాసుకుపోయింది. తగలకపోతే గోల్, ఆరు పాయింట్లు, రెండు జెండాలు. తగిలితే ఒక్క పాయింటు, ఒక్క జెండా. నా కళ్ళతో చూశాను. కూతురు తన్నిందని రెండూ ఎత్తాలా? ఒక్కటే ఎత్తాను. ఓడిపోయాం.

తర్వాత అందరూ మాంసం కాల్చుకుని తినే బార్బీ దగ్గర ఒక్కరూ నాతో మాట్లాడలేదు. "హీ నీడ్స్ గ్లాసెస్" అంది ఒకమ్మాయి, నాకు వినపడేలాగే. హారిక ఆ అమ్మాయి పక్కనే కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. తలెత్తలేదు.

ఇందాక అన్నం తింటూ మెల్లగా అంది: "డాడ్, ఇట్ హిట్ ది పోస్ట్. ఐ హర్డ్ ఇట్."

"మరి నిన్న వాళ్ళ ముందు ఎందుకు చెప్పలేదే?" అన్నాను. కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాకొక్కడికి చెప్పి ఏం లాభం? నేను చూశానుగా.