నువ్వనని మాట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. క్వారీ దగ్గర నీ పేరున ఓనరు రాయి పాతిస్తున్నాడు. అక్షరాలు చెక్కే పని నాదే. గుమాస్తా ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి తెచ్చాడు, పనే నాకు దేవుడని దానర్థం. దానికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు.

“ఇవెందుకు బాబాయ్?” అన్నాను.

“అందానికిరా. లారీల మీద పేర్లకి పెట్టట్లా?”

నాకు ఒళ్లు మండింది. బడికి పోకపోయినా పాత పేపర్లు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఆ గుర్తులు పెడితే, అది నువ్వు నోటితో అన్న మాటని అర్థం. పైన వదులైన బండలు తీయించమని ఓనరుతో రోజూ పోట్లాడిన నువ్వు, ఆ మాట ఎప్పుడన్నావు?

“మా అన్న అనని మాట చెక్కను.”

“మరేం చెక్కుతావురా? ఓనరుకి నేనేం చెప్పాల?”

“మా అన్న నోటితో అన్నదే చెక్కానని చెప్పు.”

బండ జారిన రోజు నువ్వు మాకోసం అరిచిన మాట తెలుగులోనే చెక్కి, గుర్తులు పెట్టాను: “పక్కకి జరగండ్రా!”

పొద్దున ఒకడు దాన్ని పైకి చదివాడు. అందరం తలెత్తి కొండ వైపు చూశాం.

నీ తమ్ముడు