వకుళ సినిమాలు మూడు

డోన్,
4-3-1956

అక్కకు,

బావగారు ఇంట్లో లేనప్పుడు ఇది చదువు. ఆయన వకుళ పేరెత్తనివ్వరు కాబట్టి, నీ కూతురు సినిమాల్లో ఎలా ఉందో చూసి రాయమని నన్ను అడిగావు. మూడు చూసి, "రానురాను ఒళ్లు చేస్తోంది, దిగులు పడకు" అని పోయిన నెల రాశాను. అది తప్పు.

కర్నూలులో ముందు చూసినదాంట్లో దాని రాణి వేషం నాకు నచ్చలేదు. సినిమా అంతా కూర్చునే మాట్లాడింది, మాట మధ్యలో దగ్గింది. నటన అనుకున్నాను. తర్వాత ఇక్కడి టూరింగు టాకీసులో చూసినదాంట్లో కాస్త తేరుకున్నట్టు కనిపించింది, కథ మాత్రం మరీ సాగదీశారు. మూడోదీ ఇక్కడే చూశాను, ఎంతో బాగుంది. నిండు బిందె చంకనెత్తుకుని చేని గట్టు మీద పరుగెత్తింది.

నిన్న ఆ టాకీసులో టికెట్లిచ్చే బొజ్జన్నతో, "కర్నూల్లో చూసిన రాణి వేషంకంటే మీ కొత్త సినిమాలో ఆ అమ్మాయి ఎంత కళగా ఉందో!" అన్నాను.

"యాడి కొత్తదమ్మా! బియ్యే చదివినోరు, మీకు తెలీదా? మన డోనుకు వచ్చేవన్నీ పాతవే. పరుగెత్తేది ఆయమ్మ మొదటి సినిమా. కర్నూల్లో మీరు చూసిందే ఆఖరుది. ఆపైన ఇంగొకటి రానే లేదు" అని నవ్వాడు.

అంటే నేను దాన్ని వెనకనుంచి ముందుకు చూస్తూ వచ్చాను. అది తేరుకోలేదక్కా, ఏడాదికేడాది తరిగిపోయింది. వేషం కోసమే చిక్కిందేమో, నాది ఉత్త భయమేమో. కానీ మద్రాసుకు నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు.

గురువారం గుత్తిలో మద్రాసు మెయిలు ఎక్కుతాను. కడప స్టేషనులో నీకోసం చూస్తాను. నువ్వు కనబడకపోతే ఒక్కదాన్నే పోతాను.

నీ చెల్లెలు