చెరిపేసిన లెక్క

నంద్యాల, మంగళవారం రాత్రి

మా బడి ఫుట్‌బాల్ క్లబ్బులో ఒకటే నియమం. బడి వదిలాక నా క్లాసు గదిలో లెక్కలు పూర్తి చేసినవాళ్ళే గ్రౌండులోకి పోవాలి. అంటే నేనెంత బాగా చెబితే నా గది అంత తొందరగా ఖాళీ అవుతుంది. ఈ రోజూ ఎండ తగ్గకముందే అందరూ బూట్లు తొడుక్కుని పరుగెత్తారు. గోల్‌కీపర్ షబానా మాత్రం కదల్లేదు. సరిగ్గా వచ్చిన జవాబును రబ్బరుతో చెరుపుతూ కూర్చుంది.

"ఏందే, సరిగానే వచ్చింది కదా, ఎందుకు చెరుపుతాండావ్?" అన్నాను.

"నేనూ పోతే మీరొక్కరే ఉంటారు కదా మేడం."

ఎందుకో కోపం వచ్చింది. "ఆడ గోల్ ఖాళీగా ఉంది, పో" అని కసిరి పంపాను. తర్వాత చీకటి పడేదాకా గ్రౌండులో అరుపులు వింటూ కూర్చున్నాను. ఎనిమిదో తరగతి పిల్లకే కనిపించిందంటే, ఇంకెందరికి కనిపిస్తోందో...

ఇందాక ఆళ్ళగడ్డ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఒక్కదానివే ఆడ ఎట్లుండావే?" అంది.

"ఒక్కదాన్నే యాడున్నామ్మా, పిల్లోళ్ళు నన్ను వదిలితే కదా" అన్నాను.

అమ్మ నమ్మేసింది.