కిందికి దింపిన కిటికీ

1954, కార్తీకం, ఆదివారం రాత్రి

మా ఆయన్ని కొండ మీది క్షయ ఆసుపత్రికి పంపనక్కరలేదు. సాయంత్రం డాక్టరుగారు వచ్చి, గల్లీ వైపు గోడకు పెట్టించిన కొత్త కిటికీ చూసి, ఈ గాలీ వెలుతురూ చాలు, ఇంట్లోనే వైద్యం చేద్దామన్నారు.

కిటికీ ఎంత ఎత్తులో రావాలో ఆయన మంచం మీద నేనే పడుకుని చూసి, గోడకు బొగ్గుతో గీత గీశాను. మేస్త్రీ యాదగిరి నవ్వాడు.

"గింత కిందికా అమ్మా? గల్లీల పోయేటోళ్లందరు లోపలికి చూస్తరు."

"చూడనీ. ఇంట్లకు రానీకి భయపడుతుండ్రు గదా, గాడ నిలవడైనా మాట్లాడ్తరు."

రోగి ఉన్న ఇంట్లో గోడ పగలగొట్టకూడదని అత్తగారు అలిగారు. ఈ పొద్దున మంచం మీద ఎండ పడింది. నెల నుంచి గోడకు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చుని, గౌలిపుర నుంచి పాలు తెచ్చే మల్లయ్యను కిటికీలోంచి పిలిచారు.

"ఏంది మల్లన్నా, నేను మంచం వట్టంగనే పాలు గిట్ల పల్చగైనయ్?"

"ఇగ లేచిండ్రు గదా బాపూ, రేపటికెల్లి చిక్కగైతయ్."

వంటింట్లో అత్తగారు నవ్వడం వినిపించింది.

కిటికీకి రెక్కలు ఇంకా బిగించలేదు. చలికి తట్టుకుంటారో లేదో. ఇందాక దుప్పటి కట్టబోతే, "ఉండనీయే, గల్లీ కనవడాలె" అన్నారు. సగం వరకే కట్టాను.