బయమ్మ అన్న పేరు

2 ఏప్రిల్ 1963

నా పేరు తిప్పమ్మ. వయసు డెబ్బైకి దగ్గర. గోరంట్ల పక్క పల్లె. ఇంట్లో నేను, బడిలో టీచరు పని చేసే నా కూతురు కదిరమ్మ, ఒట్టిపోయిన ఒక ఆవు. చెప్పేది నేను, రాసేది కదిరమ్మ.

కదిరమ్మ నాయన రచయిత. తన బతుకు కథ అచ్చేయించి దానికి పంపాడు. చదివి, “నాయన అట్లాటోడు కాదేమో అమ్మా” అంది. ఆ ‘కాదేమో’ కోసమే ఇదంతా. అచ్చేసినవాళ్లు నా మాట వేసుకోకపోయినా సరే, నా కూతురు నమ్మితే చాలు.

3 ఏప్రిల్

పుస్తకంలో ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాను. జొన్నలు దంచుతుంటే రోకలి జారి నా చేయి విరిగిందట. తాను నా మీద ఏనాడూ చేయి చేసుకోలేదట.

రోకలి జారితే కాలి మీద పడుతుంది. మోచేతి వెనక పడుతుందా? చేయి చేసుకోలేదన్నది మాత్రం నిజం. రోకలి చేసుకున్నాడు.

కదిరమ్మ నవ్వలేదు.

5 ఏప్రిల్, పొద్దున

“మరి పంచాయితీలో నాయన పేరెందుకు చెప్పలేదు?” అని అడిగింది. పుస్తకంలో అదే ఆయన సాక్ష్యం.

కదిరమ్మ ఉయ్యాలలో ఉన్నప్పటి మాట. మొగుడి పేరు పలికితే వాడి ఆయుస్సు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. ఎవరు కొట్టినారని పెద్దలు అడిగితే, “బయమ్మ అన్న” అన్నాను. బయమ్మ మా ఆడబిడ్డ. ఆమె లేచి, “ఆ పొద్దు మా అన్న చేనికాడ ఉండె” అంది. పేరు చెప్పలేనిదాని మాటేం మాట అని పెద్దలు టవాలు దులుపుకొని లేచారు. నేను బిడ్డను చంకనేసుకొని పుట్టింటికి వచ్చాను.

చేయి విరగ్గొట్టినవాడి ఆయుస్సు కాపాడాను.

9 ఏప్రిల్

ఈ రోజు చెప్పను. గాలి, దుమ్ము.

12 ఏప్రిల్

బయమ్మను పిలిపించాను. వస్తూనే, “ఏం వదినా, ముసలితనంలో మా అన్న పరువు తీస్తాండావంట?” అంది.

“ఉంటే కదా తీసేకి” అన్నాను.

పక్కింటి రోషన్ బీ గోడ అవతల నుంచి పకపకా నవ్వింది. బయమ్మకు మండింది. “యా ఇంట్లో లేదమ్మా? ఒక్క రోకలి దెబ్బకు ఊరంతా పోగు చేస్తివి!”

కదిరమ్మ పెన్ను ఆగింది. “అత్తా, నాయన చేనికాడ కదా ఉండె?”

బయమ్మ మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

13 ఏప్రిల్

కొట్టింది వీరప్ప. వీరప్ప. వీరప్ప.

వేలిముద్ర: తిప్పమ్మ.

సాక్షులు: రోషన్ బీ, వేలిముద్ర.
తిప్పమ్మ కూతురు కదిరమ్మ, సంతకం.